ఉతక్కూడని చొక్కా

సంచిలో అన్నిటికన్నా అడుగున రబ్బరు బూట్లు పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, అవి నావి కావు, ఇక్కడ దిగగానే నా పాత స్నేహితురాలు కత్తెర ఇచ్చినవి. తీసి కొట్టం గోడ వారగా పెట్టాను. ఇప్పుడు సంచి అడుగునంతా బూట్ల మట్టి. అది దులిపి, పాత పేపరు పరిచి, దాని మీద దువ్వెన, మందుల డబ్బా, కళ్ళజోడు గూడు, సూదుల డబ్బా, సగంలో ఆపిన పుస్తకం, తువ్వాలు, మార్చిన బట్టలు సర్దాను. ఊలు స్వెట్టరు మాత్రం సంచిలో పెట్టలేదు, అది ఒంటిమీదే ఉంది, దాని నిండా గొర్రె వాసన. "ఆ స్వెట్టరు విప్పి ఇక్కడ పడెయ్యక్కా, స్నానం చేసి నాది వేసుకెళ్ళు, బస్సులో నీ పక్కన ఎవరూ కూర్చోరు" అంది కత్తెర. కూర్చోకపోతే మంచిదే, కాళ్ళు చాపుకుంటానన్నాను. జిప్పు సగం వరకే లాగాను. నా సంచి నేనెప్పుడూ సగమే మూస్తాను. పూర్తిగా మూస్తే లోపల ఏదో లేదని అనుమానం వస్తుంది, తెరిచి చూడాలి, మళ్ళీ మూయాలి, మళ్ళీ అనుమానం. ఇంటి దగ్గర గ్యాసు కట్టేశానా, వెనక తలుపు గడియ వేశానా, పక్కింటి టీచరమ్మకి తాళంచెవి ఇచ్చానా. ఇచ్చాను, ఇచ్చాను, ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు కూడా నేనే మూశాను. పాలవ్యాను నాలుగింటికి వస్తుంది, నన్ను బస్టాండులో దింపుతుంది. ఇప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు. ఆలోగా ఈ గొర్రె ఆ పిల్లని దగ్గరికి రానిస్తుందో లేదో నాకు తెలియాలి. తెలియకుండా వ్యాను ఎక్కితే ఇంకో తెలియని సంగతి మోసుకుని ఇంటికి వెళ్ళాలి. అలాంటివి నా దగ్గర ఇప్పటికే ఉన్నాయి, చోటు లేదు.

కొట్టం మూల నాలుగు చెక్కపలకలు నిలబెట్టి తాళ్ళతో కట్టిన చిన్న గది ఇది. దాని బయట, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాను, సంచి నా పాదాల దగ్గర. పలకల అవతల నల్లచెవి. ఒళ్ళంతా తెలుపు, ఎడమ చెవి ఒక్కటే బొగ్గు. అది గోడ వైపు మొహం పెట్టి నిలబడింది, ఎవరి మీదో అలిగిన పెద్దమనిషిలాగా. దానికి మూడడుగుల దూరంలో, గడ్డిలో, వేరే తల్లికి పుట్టిన పిల్ల కూర్చుంది. ఆ పిల్ల ఒంటిమీద నల్లచెవికి పుట్టి చచ్చిపోయిన పిల్ల తోలు ఉంది. మెడకో కన్నం, కాళ్ళకి నాలుగు కన్నాలు, పొట్ట కింద కుట్టు, అచ్చం చలికాలపు చొక్కాలాగా. ఆ చొక్కా కుట్టింది నేను. నలభై ఏళ్ళు బట్టలు కుట్టే దుకాణంలో కాజాలు కుట్టిన చేతులు ఇవి, సన్నటి దారంతో గుండీ కన్నాల అంచులు కుట్టీ కుట్టీ బొటనవేలు వంకర పోయింది, ఏ రోజైనా ఇలాంటి చొక్కా కుడతానని కలగన్నానా. సాయంత్రానికి కూడా నల్లచెవి ఒప్పుకోకపోతే ఇక వదిలేద్దామంది కత్తెర. వదిలెయ్యడమంటే సీసా పాలు. మూడు గంటలకోసారి, పగలూ రాత్రీ. కత్తెరకి మోకాళ్ళు లేవు, ఆమె మొగుడికి నడుం లేదు, ఇంకా తొమ్మిది గొర్రెలు ఈనాలి. కిందటేడు సీసా మీద పెంచిన రెండూ వారం తిరక్కుండా పోయాయి. అందుకని వదిలెయ్యడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు.

కత్తెర అంటే కత్తిరింపు బల్ల దగ్గర నిలబడే మనిషి, నాకన్నా ఆరేళ్ళు చిన్నది, నేను కాజాల మూల కూర్చునేదాన్ని. ఆమె కోసింది నా ఒడిలోకి వచ్చేది. ఆమె మొగుడు లారీ డ్రైవరు. ఇద్దరూ పనులు మానేశాక ఈ నేలా ఈ గొర్రెలూ కొన్నప్పుడు దుకాణమంతా నవ్వింది, గొర్రెలకి జాకెట్లు కుడతావటే అని. ఎనిమిదేళ్ళుగా పిలుస్తూనే ఉన్నారు. నేను వెళ్ళలేదు. ఒకరింటికి వెళ్ళడం నాకు కష్టం కాదు, అక్కణ్ణించి బయల్దేరడమే కష్టం. గుమ్మం దగ్గర నిలబడి చెయ్యూపేవాళ్ళ వైపు నేను తిరిగి చూడను. ఈసారి డ్రైవరుగారే ఫోన్ చేశారు. "వదినా, గొర్రెలు ఈనే కాలం, మా ఇద్దరి చేతులూ చాలడం లేదు. శని ఆదివారాలు వచ్చి నీళ్ళు మోసి పెట్టు చాలు, భోజనం మాది" అన్నారు. నీళ్ళు మోయడం అనేసరికి ఒప్పుకున్నాను. పని ఉంటే వెళ్ళగలను. పని ఉన్న మనిషిని ఎవరూ చుట్టం అనరు, వెళ్ళేటప్పుడు ఎవరూ ఏడవరు.

నిన్న పొద్దున చుక్క ఈనింది. నుదుటి మీద గోధుమరంగు మచ్చ ఉంది దానికి, అందుకని చుక్క. చూస్తుండగానే అది పడుకుంది, మెడ పైకి చాచింది, పై పెదవి ముడిచి ఆకాశంలో ఏదో చదువుతున్నట్టు చూసింది. రెండు కాళ్ళు, కాళ్ళ మీద ఆనించిన ముక్కు, నీళ్ళలో దూకబోయేవాడిలాగా. పిల్ల జారిపడింది. పొగలు కక్కుతోంది. డెబ్బై రెండేళ్ళు వచ్చాయి నాకు, పుట్టిన పిల్ల ఒంటినించి పొద్దుటి చలిలో పొగ లేస్తుందని నాకెవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. అరగంటకి రెండోది. డ్రైవరుగారు అయిపోయిందనుకుని చేతులు కడుక్కుంటున్నారు, అప్పుడు ఎవరూ పిలవని చుట్టంలాగా మూడోది వచ్చింది, సన్నగా, పసుపు పచ్చగా, కదలకుండా. ఆయన ఒక్క అంగలో వచ్చి దాని ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పారు. ఏమీ లేదు. మళ్ళీ తిప్పారు. తుమ్మింది. ఆ తుమ్ముతో అది ఇటువైపుకి వచ్చేసింది. అంతకుముందు క్షణం ఎక్కడుందో, ఆ గడ్డిపరక చివర ఏముందో. మందు సీసా పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. "ఈగ దూరుతుంది వదినా, నోరు మూసి బొడ్డుకి మందు పెట్టు" అన్నారాయన.

పెట్టాను. మూడిటికీ పెట్టాను. చుక్క మూడిటినీ నాకింది, నాకుతూ గొంతులో ఒక చప్పుడు చేసింది. అది అరుపు కాదు, గుర్రుమనడం కాదు. నోరు తెరవకుండా లోపల్లోపల మాట్లాడుకుంటున్నట్టు, దుప్పట్లో మొహం పెట్టి ఎవరితోనో గుసగుసలాడినట్టు. ఈనినప్పుడు తప్ప ఆ గొంతు ఇంకెప్పుడూ రాదట, ఇంకెవరికోసమూ రాదట. ఆ చప్పుడు వింటుంటే డ్రైవరుగారు అన్నారు, "దీనికి చన్నులు రెండే వదినా. మూడోదానికి కాస్త ముర్రుపాలు పట్టించి వేరే చోటు చూడాలి."

"వేరే చోటంటే?"

"ఏ గొర్రెకైనా పిల్ల పోతే దానికి ఇవ్వడమే."

నీళ్ళ బకెట్టు ఇటు జరుపు అన్నంత మామూలుగా అన్నారు. నా చేతిలోంచి సీసా మూత గడ్డిలో పడింది. వెతుకుతున్నట్టు వంగి అడిగాను, మరి దీనికి తెలియదా, వెతుక్కోదా అని. "గొర్రెకి లెక్కలెక్కడివి? పక్కన రెండుంటే చాలు. మూడోది గుర్తుండదు" అన్నారు. తప్పేం లేదు, ఆయనకి నా సంగతి తెలియదు. కత్తెరకి కూడా తెలియదు, ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని రొట్టె పంచుకున్నాం గానీ చెప్పలేదు. మేమూ ముగ్గురం. అక్క, నేను, తమ్ముడు. నాన్న పోయిన ఏడాది అమ్మకి ఎక్కడో మిల్లులో పని దొరికింది. తలుపు వెనక నించి విన్నాను. "ఇద్దరినైతే ఎలాగో సాకగలను అక్కా" అంటోంది, పెద్దమ్మతో. పెద్దమ్మ కూతురు జ్వరం వచ్చి పోయి అప్పటికి రెండు నెలలు.

మధ్యాహ్నం లోపు నల్లచెవి ఈనింది. ఒక్కటే, పెద్దది, ఒళ్ళంతా నిండుగా ఉంది, ఊపిరి లేదు. గడ్డిపరక తిప్పారు, కాళ్ళు పట్టుకుని ఊపారు, రుద్దారు. నల్లచెవి మాత్రం ఎవరి మాటా వినకుండా దాన్ని నాకుతూనే ఉంది, అదే గొంతుతో, ఆ లోపలి చప్పుడుతో. ముందుకాలితో మెల్లిగా తట్టింది, లే, లే అన్నట్టు. తట్టి, ఆగి, వాసన చూసి, మళ్ళీ తట్టింది. కత్తెర మొహం తిప్పుకుంది. డ్రైవరుగారు చాకు తెచ్చారు. ఇంకో పిల్లకి ఈ తోలు తొడిగితే తల్లి వాసన చూసి తనదే అనుకుంటుంది, మూడు రోజులకి తన పాలు దాని ఒంట్లో పట్టాక ఆ పిల్ల వాసనే తన వాసన అవుతుంది, అప్పుడు తోలు తీసెయ్యొచ్చు అని చెప్పారు. గొర్రెకి కళ్ళు కాదు వదినా, ముక్కే కళ్ళు. ఎప్పటినించి చేస్తున్నారో మనుషులు ఈ పని, ఎవరికి మొదట తోచిందో, పిల్ల పోయిన తల్లీ తల్లి లేని పిల్లా ఒకే కొట్టంలో చెరోమూలా ఏడుస్తుంటే ఎవరో కూర్చుని ఆలోచించి ఉంటారు. తోలు నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది. "కోత ఈయనది, కుట్టు నీది. నీ కుట్టే తిన్నగా వస్తుందక్కా" అంది కత్తెర. ఇద్దరూ అవతల కంచె దగ్గర ఇరుక్కున్న గొర్రె కోసం పరిగెత్తారు. నేనూ, తోలూ, నీళ్ళ కుళాయీ మిగిలాం.

ముప్పు అక్కడే ఉంది, కుళాయి దగ్గర. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజు చెప్పిన మాట, చేతి చెమట అంటిన బట్ట ఉతక్కుండా గిరాకీకి ఇస్తే దుకాణం పరువు పోతుంది. తోలు లోపలి వైపు నెత్తురు, జిగురు. కొత్తగా పుట్టిన పసిదానికి మురికి చొక్కా ఎలా తొడుగుతాం? గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, రెండు జాడింపులు. తోక వేలాడుతూ అందవికారంగా ఉందని, చొక్కాకి తోకేమిటని, ఉతికే ముందే కత్తిరించేశాను. కాళ్ళ దగ్గరి వంకర అంచులు కూడా. తరవాత పొట్ట కింద గొలుసు కుట్టు వేశాను. గొలుసు కుట్టులో అందమేమిటంటే, చివరి ముడి విప్పి దారం లాగితే మొదటిదాకా సర్రుమని ఒక్క లాగుకి ఊడొస్తుంది, పిల్లకి నొప్పి తెలియదు. నాకు గర్వంగా అనిపించింది కూడా. కుట్టు తిన్నగా వచ్చింది.

చుక్క మూడో పిల్లకి ఆ చొక్కా తొడిగి వదిలాం. నల్లచెవి దాని దగ్గరికి వచ్చి వెనక వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసి, కుమ్మింది. పిల్ల పలకకి కొట్టుకుని పడింది. లేచి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కుమ్మింది. నిన్న సాయంత్రమంతా అంతే, ఇవాళ పొద్దున కూడా అంతే. డ్రైవరుగారు దాని మెడ పట్టుకుని అదిమి ఉంచితే పిల్ల నాలుగు గుక్కలు తాగేది, వదలగానే మళ్ళీ కుమ్ముడు. "పాపిష్టిదానా, కన్నతల్లివేనా నువ్వు" అని కత్తెర తిట్టింది. నాకు భయమేసింది. ఎందుకో నా వీపు మీద తగిలినట్టు ఉలిక్కిపడ్డాను ప్రతిసారీ. ఇవాళ భోజనాల దగ్గర, ముగ్గురం తింటుంటే, ఏదో ఒకటి అనాలని నేనే అన్నాను, మీరు తోలు అలాగే ఇచ్చేశారు గానీ నేను శుభ్రంగా ఉతికి, రెండుసార్లు జాడించి మరీ కుట్టాను, దానికెందుకు నచ్చలేదో అని. డ్రైవరుగారి చెంచా గాలిలో ఆగిపోయింది.

"ఏం చేశావు?" అంది కత్తెర.

"ఉతికాను."

"సబ్బుతోనా?"

"సబ్బు లేకుండా ఉతుకుతారటే ఎవరైనా?"

ముందు ఆయన నవ్వారు. నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టేశారు. "పాపం అది వాసన చూసి ఎవరీ సబ్బు దొరగారు, మా ఇంట్లో ఏం పని అనుకుని ఉంటుంది వదినా!" కత్తెర నవ్వలేదు. "ఒక రోజంతా తిట్టాను దాన్ని. నోరు లేనిదాన్ని పట్టుకుని పాపిష్టిదన్నాను" అంది. బల్ల, పళ్ళేలు, రొట్టె ముక్క, అన్నీ దూరంగా జరిగాయి. ఎందుకంటే అప్పుడు నాకు కుళాయి కనిపించింది, ఇక్కడిది కాదు, పెద్దమ్మ ఇంటి వెనక కుళాయి. నీలం గౌను. వీపు మీద తెల్ల గుండీలు నాలుగు. అమ్మ వెళ్ళిన రోజు పెద్దమ్మ పెట్టె తెరిచి ఆ గౌను తీసి నాకు తొడిగింది. ఉతకనిది. మెడ దగ్గర ఎవరిదో చెమట, జేబులో పెన్సిలు పొట్టు. రోజూ పొద్దున దగ్గరికి పిలిచి గుండీలు పెట్టేది, పెట్టి, నా మెడ దగ్గర మొహం ఆనించి ఉండిపోయేది. మురికిగా ఉన్నానేమో అని చూస్తోందనుకున్నాను. మురికిగా ఉంటే పంపించేస్తుందేమో, అమ్మ తిరిగి వచ్చేలోపల నేను ఇక్కడ లేకపోతే ఎలా అని, వారం రోజులకి, ఎవరూ చెప్పకుండా, సబ్బు పెట్టి, నా బలం కొద్దీ రుద్ది, ఆ గౌను ఉతికి తీగ మీద ఆరేశాను. మెచ్చుకుంటుందని గుమ్మంలో నిలబడ్డాను. పెద్దమ్మ వచ్చి, తీగ మీదది చూసి, తడిదే లాగి మొహానికి అదుముకుంది. కొట్టలేదు. తిట్టలేదు. అలాగే నేల మీద కూర్చుండిపోయింది. మూడు రోజులు నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది.

రెండోసారి. డెబ్బై రెండేళ్ళ మనిషిని, రెండోసారి అదే పని చేశాను.

కానీ దుకాణం నేర్పినది ఇంకొకటుంది, కత్తిరించిన ముక్క ఎప్పుడూ పారెయ్యకూడదు. బల్ల దగ్గరినించి లేచి పరిగెత్తినంత పని చేశాను. సూదుల డబ్బా పక్కన, కవర్లో, చుట్టి పెట్టిన తోక, కాళ్ళ అంచులు. ఉతకనివి. ముక్కు మూసుకోవలసినంత ఉతకనివి. "అక్కా, నువ్వు చచ్చి స్వర్గానికెళ్ళినా అక్కడా పీలికలు ఏరుకుంటావే" అంది కత్తెర, ఏడుస్తూ నవ్వుతూ. డ్రైవరుగారు అంచులతో పిల్ల ఒళ్ళంతా రుద్దారు, నల్లచెవి పాలు రెండు ధారలు పిండి దాని వెనక పూశారు. నేను తోకని తోక ఉండవలసిన చోట కుట్టాను. అప్పుడు రెండున్నర. అప్పట్నించి నల్లచెవి గోడ వైపే నిలబడి ఉంది, ఒక రోజు కోపం ఇంకా దిగనట్టు. "నువ్వు ఇక్కడే కూర్చో, మేం చుట్టూ ఉంటే అది కుదుటపడదు" అని వాళ్ళు అవతలికి వెళ్ళారు. నేను సంచి ఇక్కడికే తెచ్చుకుని సర్దుకున్నాను.

మూడూ ఇరవై. కత్తెర ఇచ్చిన గొర్రెల పెంపకం పుస్తకం గూట్లో ఉంది, పశువుల ఆసుపత్రివాళ్ళు ఇచ్చిందట, నిన్న రెండుసార్లు చదివాను. నాకు ఏది కనిపించినా చదవడం అలవాటు. బడికి వెళ్ళలేదు నేను. దుకాణంలో చొక్కాల కొలతలకి పాత పేపర్లు కోసేవాళ్ళు, చేతికొక ముక్క, మెడకొక ముక్క. ఆ ముక్కల మీదే అక్షరాలు నేర్చుకున్నాను, మేస్త్రీని ఒకటి, కత్తెరని ఒకటి అడుగుతూ. అందుకని నేను చదివిన వార్తలన్నీ చంక దగ్గర తెగిపోయేవి. నదిలో పడవ మునిగి అని ఉండేది, ఎవరు బతికారో చేతి ముక్క అవతల ఉండేది. తప్పిపోయిన బాలిక ఆచూకీ అని ఉండేది, అక్కడ మెడ గుండ్రంగా కోసేసి ఉండేది. మిగతాది వెతకడానికి బల్ల కింద పాకేదాన్ని. పుస్తకాలు కొనుక్కునే రోజులు వచ్చాక కూడా ముందు చివరి పేజీ ఉందో లేదో చూసి కానీ కొనలేదు. గొర్రెల పుస్తకంలో వాసన గురించి ఒక పేజీ ఉంది, తోలు ఉతక్కూడదని మాత్రం లేదు. ఎవరూ ఉతకరు కాబట్టి రాయలేదు.

నిన్నట్నించీ నీళ్ళు మోస్తూ, గడ్డి పరుస్తూ, నేను చుక్కని కూడా కనిపెట్టి చూస్తున్నాను. డ్రైవరుగారు చెప్పింది నిజమే. దాని రెండు పిల్లలూ రెండు పక్కలా తోకలు ఆడిస్తూ తాగుతుంటే అది కళ్ళు సగం మూసి నెమరు వేస్తుంది. లెక్క తప్పిందని దానికి లేదు. కానీ ఇవాళ పొద్దున, నల్లచెవి కుమ్మినప్పుడు, ఈ మూడోది నొప్పికి గట్టిగా అరిచింది. చుక్క నెమరు ఆపింది. తల ఎత్తింది. ఇటు తిరిగి చెవులు నిక్కించి, ఒక్కసారి పిలిచింది. ఒక్కసారే. తరవాత పక్కనున్నది పొదుగు లాగేసరికి అటు తిరిగిపోయింది. నేను బకెట్టు కింద పెట్టేశాను. ఎవరికి చెప్పను? చెప్తే డ్రైవరుగారు అంటారు, ఊరికే అరిచి ఉంటుంది వదినా అని. ఊరికే కాదు. నేను చూశాను.

అమ్మ సంచి గుడ్డది. గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టింది. మంచం మీద పెట్టి సర్దుతోంది, అక్క గౌన్లు రెండు, తమ్ముడి చొక్కాలు మూడు, ఒక సబ్బు, ఒక గిన్నె. నేను మంచం కోడు పట్టుకుని చూస్తున్నాను. నా గౌను పెట్టడం మరిచిపోయిందనుకున్నాను. దండెం మీదనించి లాగి తెచ్చి, మడత పెట్టడం రాక ఉండలా చుట్టి, సంచిలో తోశాను. అమ్మ చెయ్యి ఆగింది. గౌను బయటికి తీసింది. మెల్లిగా విప్పి, చేతుల మీద చేతులు వేసి, చక్కగా మడత పెట్టి, దిండు పక్కన పెట్టింది. అంత చక్కటి మడత ఆ తరవాత నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. పిన్నీసు పెట్టింది. "నెల తిరక్కుండా వస్తా" అంది, నాతో కాదు, పిన్నీసుతో. మొహం గుర్తు లేదు నాకు. ఎంత ప్రయత్నించినా పిన్నీసే వస్తుంది.

మూడూ ముప్పావు. పిల్ల లేచింది. ఆ చిన్న డెక్కల మీద, ఇంకొకరి తోలు మోస్తూ, ఇంకొకరి తోక వేలాడేసుకుని, మళ్ళీ బయల్దేరింది. ఎన్నిసార్లు కుమ్ముడు తిన్నది. ఎందుకు వెళ్తోంది మళ్ళీ? వద్దే, కాసేపాగు అంటున్నాను లోపల. ఆగలేదు. వెళ్ళి పొదుగు కింద తల దూర్చింది. నల్లచెవి ఉలిక్కిపడి గిర్రున తిరిగింది, తల వంచింది, కుమ్మడానికే వంచింది. నేను బకెట్టు మీదనించి లేచాను. ముక్కు తోక దగ్గరికి వెళ్ళి ఆగింది. ముక్కుపుటాలు కదులుతున్నాయి. ఎంతసేపో. బయట ఎక్కడో తలుపు కొట్టుకుంటోంది. దుమ్ము వెలుతురులో నిలబడిపోయినట్టుంది. నల్లచెవి తోక వాసన చూసింది, వీపు చూసింది, మళ్ళీ తోక చూసింది. చచ్చిన పిల్లని తట్టి లేపినట్టే ముందుకాలు ఎత్తింది, ఎత్తి, దించేసింది. అప్పుడు వచ్చింది ఆ గొంతు. లోపలిది. నోరు తెరవనిది. ఇంకెవరికోసమూ రాదన్నది. మొదట తెగి తెగి, తరవాత ఆగకుండా. నాలుక బయటికి వచ్చింది. నాకుతోంది, నేను కుట్టిన కుట్టు మీద, దారం మీద, తోలు అయిపోయి పిల్ల సొంత ఒళ్ళు మొదలయ్యే మెడ దగ్గర, ఆగింది, వాసన చూసింది, అక్కడ కూడా నాకింది.

పలక పట్టుకున్నాను. నాలుగో రోజు. అది మరిచిపోయాను ఇన్నాళ్ళూ. మరిచిపోలేదు, ఎన్నడూ తీసి చూడలేదు. నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ గోడ వైపు నించి లేచి వచ్చి, నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వింది. చిక్కులు తీస్తూ తీస్తూ ఆగింది. దువ్వెన కింద పడింది. నా నడినెత్తి మీద ముక్కు ఆనించింది. గౌను మీద కాదు. గౌనుకి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు అప్పటికి. నా నెత్తి మీద, నా చెమట మీద. ఏదో అంది, మాట కాదు అది, నా నెత్తిలోకి దిగింది ఆ చప్పుడు. నేను మాత్రం కదలకుండా కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాను, పదిన్నర బస్సు వచ్చే వేళ అని. ఆవిడ తరవాత ముప్ఫై ఒక్క ఏళ్ళు నా తల దువ్వింది. జ్వరం వస్తే పక్కన కూర్చుంది. నా జీతంతో నేను మొదటి పుస్తకం కొనుక్కుంటే, చదవడం రాని మనిషి, పేజీలు తిప్పి వాసన చూసి బాగుందంది. ఆవిడ పోయిన రోజు కూడా నేను గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు చూశాను, కబురు తెలిసి అమ్మ వస్తుందేమో అని. ఒక్కసారి. చుక్కలాగా ఒక్కసారైనా, అటు కాకుండా ఇటు, నా వెనక నిలబడ్డ మనిషి వైపు తిరిగి ఉండవలసింది.

పిల్ల తోక ఆడుతోంది. కుట్టిన తోక కాదు, దాని కింద సొంత తోక, చిన్నది, గిలగిలా ఆడుతోంది, దానితోపాటు పైదీ. తోక ఆడితే పాలు దిగుతున్నట్టే అని పుస్తకంలో ఉంది. గుటకలు వినిపిస్తున్నాయి. నల్లచెవి దాని వెనకభాగం ముక్కుతో తోస్తోంది, ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి. కత్తెరని పిలవాలి. ఆలోపు ఆమే వచ్చింది, వ్యాను హారను వినిపించిందని చెప్పడానికి. వచ్చి, చూసి, నా పక్కన పలక పట్టుకుని నిలబడింది. "సబ్బు దొరగారికి పెళ్ళి కుదిరిందక్కా" అంది, ముక్కు చీదుకుంటూ.

"బుధవారం పొద్దున తోలు తీసెయ్. ముడి ఎడమ ముందుకాలి దగ్గర ఉంది. అది విప్పి లాగు, ఒక్క లాగుకి వస్తుంది. కత్తెర పెట్టకు."

"నాకు చెప్తున్నావా కత్తెర సంగతి? పద, వ్యానువాడు ఆగడు."

"ముక్కలు పారెయ్యకు."

"పారెయ్యను తల్లీ. నువ్వే వచ్చి చూసుకో. మళ్ళీ వారం రా. పని ఉంది అంటేనే వస్తావు కదా, ఇంకా తొమ్మిది ఉన్నాయి."

వస్తానన్నాను. డ్రైవరుగారు వచ్చి నా సంచి ఎత్తారు, నోరు తెరుచుకుని ఉంది వదినా నీలాగే అని, అడక్కుండా జిప్పు చివరిదాకా లాగేశారు. నేను తెరిచి చూడలేదు. వ్యానులో పాల క్యాన్ల మధ్య నాకో సీటు. గేటు దగ్గర వాళ్ళిద్దరూ నిలబడి చెయ్యూపారు. చూశాను. నేనూ ఊపాను. స్వెట్టరు చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకున్నాను, ఉతకను దీన్ని, ఈ వారం ఉతకను. గేటు చిన్నదైంది, కొట్టం కప్పు చిన్నదైంది, మలుపు వచ్చింది.

అమ్మ తిరిగి రాలేదు. అక్క రాలేదు, తమ్ముడు రాలేదు. వాళ్ళు వెళ్ళింది నాకు ఏడేళ్ళప్పుడు, చలికాలంలో, ఒక గురువారం, పదిన్నర బస్సుకి.